పండుగకు ముందు చిక్కుళ్లు

భద్రాచలం,
14 నవంబర్ 2006

ప్రియమైన ముత్తక్కా,

బాగున్నావా? మోకాలి నొప్పి ఎలా ఉంది? రెండేళ్ల కిందట అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో బొమ్మలు చేయడం నేర్పడానికి వచ్చి, మీ గదిలోనే చేరి, ఇరవై ఆరు రోజులూ నీ దుప్పటిలో సగం లాక్కున్న సువర్ణను మరిచిపోయి ఉండవులే.

ఒక శుభవార్త. మా గిరిజన మ్యూజియం వాళ్లు చివరికి నా మాట విన్నారు. మూడేళ్ల పిల్లలు మ్యూజియానికి రాలేరు కాబట్టి మ్యూజియమే వాళ్ల దగ్గరికి వెళ్లాలని అప్పటి నుంచి మొత్తుకుంటున్నాను కదా. ఒక రేకు పెట్టె ఇచ్చారు. అందులో మీ కోయ ఆటలో పెట్టుకునే కొమ్ముల తలపాగా, చిన్న డోలు, సొరకాయ బుర్ర, వెదురు బుట్టలు, గింజలు కొలిచే చెక్క మానిక సర్దాను. మా గోడల నిండా 'ముట్టుకోరాదు' అని రాసి ఉంటుంది. ఈ పెట్టెలోవి మాత్రం ముట్టుకోవడానికే, కావాలంటే నోట్లో పెట్టుకోవడానికి కూడా. ఆ మాట చెప్పినప్పుడు మా క్యురేటర్ సార్ ముఖం నువ్వు చూడాల్సింది.

నాకు ఈ పట్టుదల ఎందుకో నీకు తెలుసు. కారేపల్లి దగ్గర తండా పిల్లను. మొదటి రోజు బడిలో టీచరు చూపించిన చార్టులో ఆపిల్ పండు, ఓడ, జీబ్రా ఉన్నాయి. మా ఇంట్లో ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. మా ఇంట్లో ఉన్నవి చదువుకు పనికిరావని ఆ రోజే నేర్చుకున్నాను.

మొదటి ఊరు మీ మద్దిగుంపే. 21వ తేదీ మంగళవారం వస్తాను. హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసరు గారు చూడటానికి వస్తున్నారు. ఆయనకు నచ్చితే వచ్చే ఏడాది ముప్పై ఊళ్లు. నచ్చకపోతే పెట్టె స్టోర్ రూముకు, నేను టికెట్ల కౌంటరుకు.

పాఠం గింజ గురించి. సంతలో కొత్త చిక్కుడుకాయలు ఐదు కిలోలు కొని తెస్తాను. పిల్లలు ఒలుస్తారు, గింజలు లెక్కపెడతారు, నువ్వు వండుతావు, అందరం కలిసి తింటాం. ఊళ్లో ఏదైనా ఇబ్బంది ఉంటే దాచకుండా రాయి. రోజు మార్చుకుందాం, కాయలు మానేద్దాం, ఏదైనా చేద్దాం. మీ రోడ్డు బస్సు కండక్టరు రాందాస్ చేతికి ఇస్తే పోస్టు కంటే ముందే నాకు చేరుతుంది.

నీ దుప్పటి దొంగ,
సువర్ణ


మద్దిగుంపు,
17 నవంబర్

చెల్లె సువర్ణకు ముత్తక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రాందాస్ టీ కొట్టు దగ్గర ఇచ్చాడు. "ఏంది ముత్తక్కా, మ్యూజియం అంటే పాత సామాన్ల దుకాణమా?" అని అడిగాడు. "అవ్, జర ఆగు, నిన్ను గూడ తీస్కపోయి అండ్ల పెడతరు" అన్నాను. బస్సంతా నవ్వింది.

నవ్వే రోజులు కావులే నాకు. నా రిజిస్టరులో ఇరవై మూడు పేర్లున్నాయి. వచ్చేది పదకొండు మంది. మిగతావాళ్లను తల్లులు వెంటబెట్టుకుని కూలికి పోతున్నారు. హాజరు తక్కువ ఉన్న సెంటర్లను మూసి పక్క ఊరిలో కలుపుతారట. ఆ జాబితా ఈ నెల 25న ఖమ్మం పోతుందని సూపర్‌వైజర్ మేడం చెప్పింది. మాకు పక్క ఊరంటే వాగు అవతల. వానాకాలం ఆ వాగు దాటడానికి పెద్దవాళ్లే జంకుతారు, ఇక మూడేళ్ల పిల్లలు ఎట్లా దాటుతారు? నా జీతం గురించి కాదు ఈ బాధ అని రాద్దామనుకున్నాను. అబద్ధం ఎందుకు, దాని గురించి కూడా.

మీ హైదరాబాద్ ఆఫీసరు నిండిన గదిని కళ్లారా చూసి మా సెంటరు గురించి ఒక్క ముక్క రాస్తే చాలు. అందుకని మంగళవారమే రా. రోజు మాత్రం మార్చకు. ఏం తేవాలన్నది నీ ఇష్టం. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేముంది. పొయ్యి రాజేసి ఉంచుతాను.

నీ అక్క,
ముత్తక్క


భద్రాచలం,
23 నవంబర్

ప్రియమైన ముత్తక్కా,

ఇరవై రెండు మంది! ఎక్కడెక్కడి నుంచి పట్టుకొచ్చావు తల్లీ? ఇంటికొచ్చి రెండు రోజులైనా నా ముఖం మీద నవ్వు పోలేదు.

నాలుగేళ్ల శ్రావణి లేదూ, కొమ్ముల తలపాగా కళ్ల మీదికి జారినా తీయనని మొండికేసిన పిల్ల, అది నేరుగా వెళ్లి ఆఫీసరు గారి కడుపులో కుమ్మింది. నా ప్రాణం పోయిందనుకో. ఆయన కూలబడి పగలబడి నవ్వాడు. తర్వాత కాయలు ఒలుస్తూ, ప్రతి గింజకూ మీ కోయ భాషలో ఏదో పేరు పెట్టి వరుసగా పడుకోబెట్టింది. ఆయన రెండు పేజీలు రాసుకున్నాడు. మీ సెంటరు మూయకూడదని తనే కలెక్టరు ఆఫీసుకు రాస్తానని జీపులో నాతో అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. పిల్లలు తింటున్నప్పుడు ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కొక్కరి విస్తరాకు చూశాడు. నీ ముందున్న ఆకు కూడా చూశాడు. పలకరించే లోపే వెళ్లిపోయాడు. ఎవరాయన? నువ్వేమో కడుపు బాగాలేదని ముద్ద ముట్టలేదు. ఇప్పుడు నయమా?

వెంటనే రాయి.

నీ సువర్ణ


మద్దిగుంపు,
26 నవంబర్, ఆదివారం

చెల్లె సువర్ణకు,

బుధవారం నుంచి సెంటరుకు ఒక్క పిల్ల రాలేదు. నేనూ గోడలూ మిగిలాం.

మా ఊళ్లో చిక్కుడు పండుగ చేసి, కొత్త కాయలు వేల్పులకు పెట్టకముందు ఎవరూ వాటిని తినరు. తెంపరు, బయటి నుంచి ఊళ్లోకి తేరు. ఈసారి పండుగ వచ్చే పున్నమికి. నువ్వు రెండు వారాల ముందే తెచ్చావు. పిల్లలు తిన్నారు. నువ్వు చూసిన ముసలాయన బొజ్జయ్య, మా ఊరి పూజారి. శ్రావణికి తాత.

శ్రావణికి శుక్రవారం నుంచి జ్వరం. రోజు విడిచి రోజు వణుకు వస్తోంది. నా దగ్గరున్న జ్వరం బిళ్ల నూరి తల్లి భవాని చేతికి చాటుగా ఇచ్చాను. పిల్ల కక్కేసింది. దవాఖానాకు పోదామంటే బొజ్జయ్య కదలనివ్వడం లేదు. ఆయన రాక్షసుడు అనుకోకు. మూడేళ్ల కింద పెద్ద మనవడికి ఇట్లాగే వచ్చింది. ఊరి తప్పు ఒకటి తీరకుండానే పిల్లగాణ్ణి ఎత్తుకుని బయలుదేరారు. "తప్పు నెత్తి మీద పెట్టుకొని పోతే తొవ్వలనే పాణం పోయింది. ఈ పిల్లను గట్ల పోనియ్య" అంటున్నాడు. కాయలు ఎట్లా వచ్చాయో తేలాలి, తప్పు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే పిల్ల పొలిమేర దాటాలి. అదీ ఆయన మాట.

అందరూ నన్నే అడుగుతున్నారు. ఆ మేడంకు ఏమీ తెలియదని చెప్పాను. నువ్వు ఇప్పుడే రాకు.

ముత్తక్క


భద్రాచలం,
27 నవంబర్

ప్రియమైన ముత్తక్కా,

నీ ఉత్తరం చదవగానే ఆస్పత్రికి పరుగెత్తాను. ఇక్కడి డాక్టరును అడిగాను. అది మలేరియా లాగే ఉందన్నాడు. దోమ పది పన్నెండు రోజుల కిందటే కుట్టి ఉంటుందట. కాయలకూ జ్వరానికీ సంబంధం లేదు. కానీ ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుందట. అక్కా, ఆ పిల్లకు రోజులు లేవు, గంటలే ఉన్నాయి.

నా తెలివితక్కువతనం విను. మా మ్యూజియంలో మూడో గదిలో చిక్కుడు పండుగ గురించి ఒక బోర్డు ఉంది. రాసింది నేనే. పండుగ కాకముందు ఎవరూ కొత్త కాయ తినరని అందంగా రాసి, అదంతా ఎప్పుడో తాతల కాలంలో గడిచిపోయిన సంగతి అన్నట్టు ముగించాను. ఆ బోర్డు పక్క నుంచే నడిచి, సంతకు వెళ్లి, కాయలు కొన్నాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఇంకొక మాట. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చిక్కుడుకాయలు తెస్తానని నీకు ముందే రాశాను. ఇబ్బంది ఉంటే చెప్పమన్నాను. నీ జవాబు మళ్లీ తీసి చదివాను. అందులో కాయల ఊసే లేదు. క్యురేటర్ సార్ ఆ ఉత్తరం ఇమ్మంటున్నారు, తప్పు అంగన్‌వాడీ టీచరుదని రిపోర్టు రాసి చేతులు దులుపుకుందామని. నేను ఇవ్వలేదు, ఇవ్వను. కానీ నాకు తెలియాలి. నీకు గుర్తు లేకపోయిందా, లేక తెలిసే ఊరుకున్నావా? పండుగ తేదీ మీ ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది కదా.

నేను వచ్చి ఊరి ముందు తప్పు ఒప్పుకుంటాను. రమ్మని ఒక్క మాట రాయి.

సువర్ణ


మద్దిగుంపు,
28 నవంబర్

సువర్ణ మేడం గారికి,

మీరు ఒక రోజు వచ్చి, డోలు కొట్టి, ఫోటో దిగి, జీపెక్కి పోతారు. ఇక్కడ బతకాల్సింది నేను. నీళ్ల దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకుంటున్నారు. అది మీ బోర్డు మీద రాయలేదు. నేను ఏం రాశానో, ఏం రాయలేదో లెక్క తీస్తున్నారు. తీయండి. మీ సార్‌కు ఆ ఉత్తరం ఇచ్చేయండి. పేదదాని మీద రాయడం మీ కాగితాలకు కొత్తేమీ కాదు.

శ్రావణి నిన్నటి నుంచి తల్లిని గుర్తుపట్టడం లేదు. బొజ్జయ్య ఇవాళ ఒక మెట్టు దిగాడు. తెచ్చినావిడ తప్పు కింద కోడి పట్టుకుని వచ్చి మాట్లాడాలన్నాడు. రేపు పొద్దుటి బస్సుకే రండి. మీరొక్కరే రండి. డాక్టరు, పోలీసు, జీపు అంటూ వస్తే పిల్లను అడవిలోకి తీసుకుపోతారు.

ఇట్లు,
ముత్తక్క, అంగన్‌వాడీ టీచర్


మద్దిగుంపు, నీ సెంటరు అరుగు మీద,
29 నవంబర్

ముత్తక్కా,

తలుపు తట్టాను. నువ్వు పలకలేదు. లోపల నీ గాజుల చప్పుడు వినబడుతోంది. సాయంత్రం బస్సుకు ఇంకా గంట టైముంది. ఇది రాసి తలుపు కింద నుంచి తోస్తాను.

నువ్వు బొజ్జయ్య వాకిటికి రాలేదు కాబట్టి జరిగింది చెబుతున్నాను. ఊరంతా కూర్చుంది. కాయలు తెచ్చింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను. బొజ్జయ్య నా ఊరు అడిగాడు. కారేపల్లి దగ్గర తండా అన్నాను.

"మీకు తీజ్ పండుగ ఉంటది గద. ఆడివిల్లలు మొలకలు పెంచే బుట్టల ఎవ్వడన్న చెయ్యి పెడితే ఊకుంటరా?" అన్నాడు.

"ఊకోరు తాతా."

"ఆడు పరాయి ఊరోడైతే?"

"తెల్వక పెట్టిండు అనుకుంటరు."

"గదే బిడ్డా. నువ్వు తెల్వక తెచ్చినవ్. నీ కోడి నువ్వు తీస్కపో. తెలిసి ఊకున్నోళ్లు ఊర్లనే ఉన్నరు. ఆళ్ల నోటితో ఆళ్లు చెప్పాలె. అప్పటిదాంక తప్పు తీరినట్టు గాదు."

నా తప్పు అక్కడ చెల్లలేదు అక్కా. నేను ఎంత ఏడ్చినా చెల్లలేదు. ఆయన ఎవరి పేరూ అనలేదు. నేనూ అనలేదు.

శ్రావణిని చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. దవడలు బిగుసుకుపోతున్నాయి. ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తుదామనుకున్నాను. భవాని నా చెయ్యి పట్టుకుంది. "గట్ల జేస్తే రేపటి సంది మేము యాడ బతకాలె మేడం?" అని అడిగింది. ఆగిపోయాను.

నిన్న నీ ఉత్తరంలో 'మేడం గారికి' అని రాసినప్పుడే నేను అడిగినదానికి జవాబు నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే నీ మీద కోపంగా ఉంది. కానీ ఆ కోపం సంగతి తర్వాత చూసుకుందాం. నేను చెబితే చెల్లదు, నువ్వు చెప్పాలి. రేపు కాదు, ఇప్పుడే తలుపు తీసి వెళ్లు. సెంటరు పోతే పోనీ. మళ్లీ ఎక్కడో ఒకచోట తెరవచ్చు.

బొజ్జయ్య ఇల్లు నీ గుమ్మం నుంచి నలభై అడుగులు కూడా లేదు.

సువర్ణ


భద్రాచలం, దవాఖానా వరండా,
4 డిసెంబర్

చెల్లె సువర్ణకు,

శ్రావణి బతికింది, ఇక గండం లేదని డాక్టరు ఇవాళ చెప్పాడు. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకో.

నువ్వు రోజూ వచ్చి పిల్లను చూసి పోతున్నావని నర్సమ్మ చెప్పింది. నీ అడుగు వినపడగానే నేను నీళ్ల కుళాయి వైపు పోతున్నాను. ముఖం చూపించలేక ఇదే ఊళ్లో ఉండి ఉత్తరం రాస్తున్నాను. నర్సమ్మ చేతికి ఇస్తాను.

నువ్వు అడిగినదానికి జవాబు. నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలుసు. పాఠమే కాయల మీద కదా, వద్దని రాస్తే నువ్వు రోజు మారుస్తావని భయపడ్డాను. ఆఫీసరు 25 లోపు రాకపోతే సెంటరు పోతుంది. చిన్న పిల్లలు, ఎవరు చూస్తారు, ఒక్క పూట అని నాకు నేనే చెప్పుకున్నాను. ఊరి పిల్లలందరికీ వడ్డించి, నా నోట్లో మాత్రం పెట్టుకోలేకపోయాను. ఆ రోజు బొజ్జయ్య చూసింది అదే. అందరి ఆకుల్లో కూర ఉంది, నా ఆకులో లేదు. నాకు తెలుసని ఆయనకు ఆ క్షణమే తెలిసింది. నా అంతట నేను వచ్చి చెబుతానని ఎనిమిది రోజులు చూశాడు.

నీ కాగితం తలుపు కింద నుంచి వచ్చినప్పుడు నేను తలుపుకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. చదివాను. నువ్వు అరుగు దిగిపోయే దాకా ఆగి, లేచి వెళ్లాను. ఊరు ఇంకా అక్కడే కూర్చుని ఉంది. చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఈ పండుగలో నాకు వంతు లేదన్నారు. రేపే పున్నమి, ఊరంతా తింటుంది. నేను తినను. అది న్యాయమే.

బొజ్జయ్య ఒక్కటే అడిగాడు. "ఎందుకు చేసినవే?"

హాజరు సంగతి, జాబితా సంగతి, వాగు సంగతి అన్నీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "పిల్లలు గావాలంటే నాకొక్క మాట చెప్పకపోతివి? ఇంటింటికి పోయి నేనే తోలుకొచ్చి కూసోబెడుతుంటి గదనే. కాయలు పండుగ దాంక ఆగుతుండె" అన్నాడు. అని వెంటనే లేచి, పిల్లను భుజాన వేసుకుని బయలుదేరాడు. మోకాళ్ల లోతు వాగు ఆయనే దాటాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు పోయింది, రాత్రి ఇసుక లారీని ఆపి ఎక్కించాం.

సువర్ణా, పదహారేళ్లుగా ఆ ఊళ్లో పాఠం చెబుతున్నాను. ఆ ముసలాయన సాయం చేస్తాడని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆయన్ను ఒప్పించాల్సిన వాడిగానే చూశాను కానీ, అడగాల్సిన వాడిగా చూడలేదు. నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది అదే.

నీ తప్పు ఎంతో నువ్వు చూసుకో. నాది మాత్రం నీ నెత్తిన పెట్టను. మీ సార్‌కు ఇవ్వడానికి వేరే కాగితం ఇందులో పెట్టాను. తెలిసి దాచింది నేనేనని సంతకం పెట్టి రాశాను. నా మీద జాలిపడి దాన్ని చింపకు. సూపర్‌వైజర్ మేడంకూ ఒకటి పంపాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. "నువ్వు మానేస్తే ఈ పిల్లకు ఎవలు చెప్తరు?" అని బొజ్జయ్య మాత్రం అన్నాడు.

ఎందుకన్నాడంటే, నిన్న పొద్దున నువ్వు వచ్చి పోయాక శ్రావణి కళ్లు తెరిచి తల్లిని చూసి నవ్వింది, గంజి తాగింది. అందరం ఏడ్చాం. తర్వాత డాక్టరు మంచం వెనక నిలబడి చెవుల దగ్గర మెల్లగా చిటికెలు వేసి చూశాడు. కుడి పక్క వేస్తే తిరిగింది. ఎడమ పక్క వేస్తే తిరగలేదు. జ్వరం మెదడుకు ఎక్కినప్పుడు కొందరికి ఇట్లా ఒక చెవి పోతుందట. ముందే తెచ్చి ఉంటేనా అని నేను అడిగాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

డాక్టరు పోయాక నేను ఎడమ పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను. అది కిటికీలో పిట్టను చూస్తూనే ఉంది. లేచి కుడి పక్కకు వచ్చి అట్లాగే పిలిచాను. వెంటనే తిరిగి, ఇంతసేపు ఎక్కడికి పోయావని అడిగింది.

నీ అక్క,
ముత్తక్క